ఉప్పు ఎక్కడికీ పోదు

బెజవాడ, 1947 ఫిబ్రవరి, బుధవారం

సముద్రపు పువ్వు విచ్చుకుంది.

బందరు నుంచి రాయితో సహా తెచ్చి గాజుతొట్టిలో పెట్టిన ఈ జీవి నాలుగు రోజులుగా చింతపండు ముద్దలా ముడుచుకుపోయి ఉంది. చచ్చిపోయిందనే అనుకున్నాను. నీళ్ళు తగ్గినప్పుడల్లా సీసాల్లో దాచిన సముద్రపు నీళ్ళే పోస్తూ వచ్చాను. అంతకన్నా ఏం చెయ్యను?

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి రత్నం చెంబుతో బావినీళ్ళు కొద్దికొద్దిగా తొట్టిలో పోస్తోంది. చంపేశావు కదే అని అరిచాను. ఆమె చెంబు దించలేదు.

"మా పుట్టింట్లో నూలుకి ఉప్పు కలిపిన రంగు వేసేటప్పుడు తొట్టిలో నీళ్ళు ఇగిరిపోతే మంచినీళ్ళే పోస్తారండీ. ఉప్పు ఎక్కడికీ పోదు కదా. మీరు ఉప్పు మీద ఉప్పు పోస్తున్నారు."

నేను తొట్టి ముందు కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి ముద్ద కదిలింది. ఒక్కొక్క రేకే బయటికొచ్చి చామంతిలా పరుచుకుంది. చిన్న రొయ్యముక్క అందిస్తే రేకులన్నీ దాన్ని పట్టుకుని మధ్యలో ఉన్న నోట్లోకి తోశాయి. పువ్వు తినడం కళ్ళారా చూశాను. రత్నం నా భుజం మీదుగా వంగి, "ఎంత ఆకలి మీద ఉందో పాపం" అంది.

అరిచినందుకు ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. రేపు రెండో ఫారం పిల్లలకి ఆవిరి పాఠం ఉంది. నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుందని ఆరేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నది నేనే.