అవిసె గింజల పొడి

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి నాలుగేండ్లు. పొద్దున ఎదురింటి సుబ్బమ్మ మన వాకిట్లోకి వచ్చింది. ఆయమ్మ మొగుడు ఓబన్నకూ నీ మాదిరే గొంతు క్యాన్సరు. కర్నూల్లో రేడియేషను కరెంటు పెడతాండారు.

"అక్కా, మీ చేన్లో పండిన అవిసె గింజలుంటే ఇయ్యి. కరెంటుకు ఒళ్లు కరిగిపోకుండా మంచి కొవ్వు పడాలని డాక్టరు చెప్పినాడు. చేప నూనె గోళీలు గూడా రాసిచ్చినాడు. ఇది మందు కాదంట, కరెంటుకు తోడంట."

నీకెవరూ ఇట్లా చెప్పల్యా. చెప్పించుకునేదానికి మనం యాడ పోయినాం? నీకు కరెంటు సగమైనప్పుడే ఊర్లో రెండు పార్టీలోళ్లూ బాంబులేసుకున్యారు. కర్నూలుకు పోయే జమ్మలమడుగు దావలో నీకోసం కాపు కాసినోళ్లలో ఎదురు పార్టీ ఓబన్న ఉండాడని నువ్వు గడప దాటల్యా. గంజి గూడా మింగలేక ఎముకలైపోయినావు. ఇప్పుడు పార్టీలు రాజీ పడినాయి. అదే దావలో ఓబన్న దర్జాగా బస్సెక్కి పోతాండాడు.

"ల్యావు" అన్యా. అటక మీద బస్తాడు ఉండాయి.

ఆయమ్మ ఎనక్కి తిరిగింది. చిక్కిపోయి, రైక భుజం మీద నుంచి జారిపోతాంది. ఆ పొద్దు నేనూ అట్లనే ఉంటి.

పిలిచినా. గింజలు దోరగా ఏయించి, దంచి, డబ్బాకు పోసిచ్చినా. "మజ్జిగలో కలిపియ్యి" అన్యా. ఆయమ్మ ఏడ్చింది. నేను ఏడవల్యా.

ఓబన్న బతకాలనే ఇచ్చినా, నమ్ము. కానీ రేపు వాళ్లిద్దరూ అరుగు మీద కూచోని మాట్లాడుకుంటాంటే నేను తలుపేసుకుంటా. నన్ను ఏమీ అనొద్దు.