మీ అబ్బాయి నన్ను తిట్టారు

అత్తయ్యగారికి, ఆస్పత్రిలో మేమిద్దరం కులాసా. మీ అబ్బాయి ఇవాళ నన్ను తిట్టారు! ఆయన చొక్కాకి ఊడిన గుండీ కుట్టి ఇచ్చానా, మంచం మీద లేచి కూర్చుని, "తెల్ల చొక్కాకి నల్ల దారమా? దర్జీ పెళ్ళానివి, నా పరువు తీస్తావా?" అన్నారు. నెలరోజులుగా ముద్దముద్దగా వచ్చే మాట గంట కొట్టినట్టు వచ్చింది! వరండాలోకి పరుగెత్తి, "డాక్టరమ్మగారూ, మా ఆయన తిట్టారండీ!" అని కేకేశాను. అందరూ తెల్లబోయారు, ఆవిడ మాత్రం పకపకా నవ్వారు.

ఆ నోటిపూత, కళ్ళ ఎరుపు, తూలడం, అన్నీ ఒకే జబ్బట. చాలా అరుదట. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే ఎదురు తిరిగి మెదడుకి వాపు తెచ్చిందట. మందు పట్టింది గాని ఏళ్ళ తరబడి వాడాలి.

కుట్టుమిషను మీద గుడ్డ కప్పారా? పెద్ద కత్తెర పిల్లదానికి అందనివ్వకండి. దానికి నా ముద్దులు.

తాగి తూలుతున్నాడని మాటలు మానేసిన మామయ్యగారికి ఈ కార్డు చదివి వినిపించండి. మీ అబ్బాయి చుక్క ముట్టలేదు. "నాన్న ఇప్పుడైనా మాట్లాడతాడా?" అని పొద్దున్నుంచీ నన్ను చంపుతున్నారు. ఈసారి జవాబు మీరు రాయకండి, మామయ్యగారి చేతే రాయించండి.

మీ కోడలు