గొంతు పోయిన టీచరు

చిన్నీ,

ప్రభుత్వ బడిలో టీచరుగా చేరనా, మాననా అని అడిగావు. మీ నాన్న కూడా ఫోన్ చేశాడు. "అక్కా, దాన్ని నువ్వే మాన్పించాలి. ఏమీ చెప్పక్కర్లేదు, ఒకసారి కనబడు చాలు" అన్నాడు. అద్దంలో చూసుకుంటే వాడి మాట కాదనలేకపోయాను. జుట్టులో సుద్దపొడి ఏదో, నెరిసింది ఏదో నాకే తేలలేదు.

వద్దని రాద్దామనే కూర్చున్నాను. ఇంతలో నా గొంతు పోయింది. ఇన్నేళ్లు అరిచి అరిచి అరగదీసిన గొంతు, ఇక నా వల్ల కాదని అలిగింది. సెలవు దొరకలేదు. ఏడో తరగతిలో భిన్నాల లెక్క బోర్డు మీద రాసి, దిక్కుతోచక నిలబడ్డాను. ఏడాదంతా నోరు విప్పని ఒక పిల్ల లేచొచ్చి నా చేతిలోని సుద్దముక్క తీసుకుంది. లేని కళ్లజోడును ముక్కు మీదికి తోసుకుని, "తలలూపింది చాలు. అర్థం కానివాళ్లు చెప్పండి" అంది, అచ్చం నాలాగే. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా.

ఆ తర్వాత ఆ పిల్ల లెక్క మొత్తం చెప్పింది. ఎక్కడా తడబడలేదు. నేను చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తుందని దాన్ని ఎన్నిసార్లు విసుక్కున్నానో. నేను చెప్పిందంతా దాని దగ్గర భద్రంగా ఉంది, నా విసుగుతో సహా.

ఈ ఉద్యోగానికి విలువ ఉందో లేదో తేల్చి చెప్పేంత తెలివి నాకు లేదు. మర్నాడు మాత్రం బడికి త్వరగా వెళ్లాలనిపించింది. అలా అనిపించి చాలా ఏళ్లయింది. చేరు తల్లీ.

ఇట్లు,
నీ మేనత్త