ఇంటింటా మిగిలిన కొలిమి బూడిదను ఎక్కడ పారబోయాలో తెలుపవలసినదిగా

పెనుకొండ డివిజను అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: బ్యాటరీల షెడ్డు బూడిద మా వీధి ఇళ్లలో నిలిచిపోవుట; మా అన్న కూతురు చి. భాగ్యశ్రీ (నాలుగేళ్లు) ఒంట్లో సీసం చేరుట – గురించి.

ఎర్రమంచి దాపున సేద్యం చేసుకునే తిమ్మప్ప కూతురు వసుంధర, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, ప్రస్తుతం ఉద్యోగం లేదు, మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా ఊరి బయట పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి ఉండేది. బోర్డు లేనందున పేరు వ్రాయలేకపోతున్నాను. మా అన్న నాగరాజు అందులో పనిచేసేవాడు. పోయిన ఎండాకాలం వాళ్లు చెప్పాపెట్టకుండా సామాను ఎత్తుకుని వెళ్లిపోయినారు. బూడిద మాత్రం అంతకుముందే మా ఇళ్లకు చేరియున్నది.

2. చేరిన విధము: గ్యాసు పొయ్యిలు వచ్చాక మా వీధిలో బూడిదకు కరువు వచ్చినది. బూడిద లేనిదే మా అవ్వ రామసుబ్బమ్మకు అంట్లు తోమినట్టు ఉండదు. షెడ్డులో ఊరకే ఇస్తున్నారని అన్న సంచితో తెచ్చినాడు. మా చెంబులు మెరవడం చూసి వీధంతా తెచ్చుకున్నారు. మా నాయన విత్తనపు కందులకు కూడా పట్టించినాడు. ఆ ఏడు ఒక్క పురుగు పట్టలేదని పదిమందికి చెప్పుకున్నాడు. ఎందుకు పట్టలేదని ఎవరూ అడగలేదు.

3. భాగ్యశ్రీ మా మేకల పేర్లన్నీ వరుసగా చెప్పేది. ఇప్పుడు రెండో పేరు దగ్గర ఆగి నా మొహం చూస్తుంది. కడుపు నొప్పి అంటుంది, అన్నం తోసేస్తుంది. హిందూపురంలో ఒక ల్యాబువాళ్లు రక్తం తీసి బెంగళూరుకు పంపితే సీసం అని వచ్చినది. ముందు ఇంట్లో సీసం లేకుండా చేయండి, తర్వాతే మందు అన్నారు డాక్టరు.

4. సీసం ఏమి చేయును: మా వదిన నాగజ్యోతి ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో చీరలు మడతపెట్టే పనికి పోతుంది. జరీ అంచు ఒక్కసారి వంకరగా మడతపడితే ఆ గీత పోదంటుంది. కణంలో ప్రోటీన్లు కూడా సరిగా మడతపడితేనే పని చేయును. రక్తం తయారీకి కావలసిన ఒక ప్రోటీనులో జింకు కూర్చునే చోట సీసం వచ్చి కూర్చుంటుంది, తొందరగా లేవదు, ఆ ప్రోటీను పని నిలిచిపోవును. మడత చెడిన వాటిని సరిచేయడానికి వేరే ప్రోటీన్లున్నవి. ఎండ కాల్చినా, జ్వరం వచ్చినా ఆ పని వాటిదే; సీసం చేరితే ఆ బరువు కూడా వాటి మీదే పడును. పైగా రక్తం తక్కువున్న ఒంట్లోకి సీసం ఇంకా ఎక్కువ చేరును. మా పాపకు రక్తం తక్కువ. ఆ పైన మా ఎండలు తమకు తెలియనివి కావు. ఈ జవాబే పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో దేనికీ పనికిరాలేదు.

5. ఇదే సంగతి ఇదివరకు ఒక కార్యాలయంలో అర్జీగా ఇచ్చుకున్నాను. ఏ కార్యాలయమో వ్రాయను, అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేసినాడు. అంతా చదివి,

“ప్రోటీనంటే గుడ్డే గదమ్మా. అంగన్‌వాడీలో పాపకు గుడ్డిస్తాండారా లేదా?” అన్నాడు.

“ఇస్తాండారన్నా. కానీ...”

“మరింకేం.”

‘పౌష్టికాహారం అందుచున్నది. పరిష్కరించబడినది’ అని నా ఫోనుకు మెసేజి వచ్చినది. షెడ్డు సంగతి ఎత్తితే, లేని షెడ్డు మీద చర్య ఎట్లా తీసుకునేది అన్నారు. అది కూడా నిజమే.

6. మా ఇంటి బూడిదను రెండు యూరియా సంచుల్లోకి ఎత్తినాను. కొట్టంలో పెడితే మేకలు నాకుతాయి. పూడ్చితే వానకు బోరు నీళ్లలోకి దిగుతుందేమోనని భయం. చెత్త బండివాళ్లు ఇమ్మన్నారు గానీ వాళ్లు ఏ వాగు వంకలో పోస్తారో నేను చూసినాను. ప్రస్తుతం ఆ సంచులు నా మంచం కింద ఉన్నవి. వీధిలో మిగతావాళ్లు ఇవ్వలేదు. “నీ ఎమ్మెస్సీ వచ్చి మా అంట్లు తోముతాదా వసుంధరా?” అన్నది పక్కింటి యల్లక్క. అవ్వయితే, “నుదుటికి పెట్టుకునే బూడిద బిడ్డను ఏం జేస్తాదే?” అన్నది.

కావున తమరు దయతలచి, మా వీధి పిల్లలందరికీ రక్తపరీక్ష చేయించి, ఇంటింటా ఉన్న బూడిదను ఎత్తించవలెనని, ఎత్తించలేనిచో ఎక్కడ పోయాలో ఒక్క మాట చెప్పవలెనని ప్రార్థన. పొరపాటు మాటలుంటే మన్నించి, పాప మొహం చూసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వసుంధర

తా.క.: అధికారి విచారణకు వస్తారేమోనని నేను చెప్పినప్పటి నుంచీ మా అవ్వ తమరి కోసం కంచు చెంబు తోమి పెడుతోంది. ఎక్కడో ఒక డబ్బాలో బూడిద దాచుకుంది, వెతికినా దొరకలేదు. తమరు రాగానే ఆ చెంబుతోనే నీళ్లిస్తుంది. తాగొద్దు సార్. పాపకు కూడా రోజూ చెబుతున్నాను. పాప మరిచిపోతుంది.