బొడ్డు పాతిన చోటు

ప్రియమైన నాన్నకు,

ఫోన్లో నా మాట మీ చెవికి అందదు కాబట్టి మీ కాలబార్‌కు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఉముఆహియాలో, మన పాత పెట్రోలు బంకు స్థలంలోనే ఉన్నాను. ఇక్కడ ప్రసూతి ఆసుపత్రి కడతారట. ముందు మట్టి శుభ్రం కావాలి. ఆ పని మా కంపెనీకి వచ్చింది. మీ బంకు మురికి చివరికి మీ కూతురి నెత్తినే పడింది చూశారా!

భూమిలోంచి రెండు ట్యాంకులూ తీసేశాం. పెట్రోలు పీల్చిన మట్టిని ప్లాస్టిక్ పట్టాల మీద పరిచి, కోళ్ల ఎరువు కలిపి, నీళ్లు చల్లి, వారానికి రెండుసార్లు తిరగేస్తున్నాం. అందులో పెరిగే సూక్ష్మజీవులు పెట్రోలును తినేస్తాయి. మట్టి వాసన తగ్గుతోంది. కానీ పక్కింటి ఉజోమా అత్త బావి దగ్గర తవ్విన గుంటలో మాత్రం రోజూ కొత్తగా పెట్రోలు ఊరుతోంది. బావి పాడైన ఈ ఎనిమిదేళ్లుగా అత్త వాగు నుంచే నీళ్లు మోసుకుంటోంది. నాన్నా, మూడో ట్యాంకు ఏదైనా ఉండేదా?

వేళకు తినండి.
మీ ఒలుచి

*

నా తల్లీ ఒలుచీ,

ఉత్తరం, ఆవిరి మీద ఉడికించిన మొయిమొయి బీన్స్ ముద్దల పొట్లం అందాయి. పొట్లంలో ఒకటి డ్రైవరు దారిలోనే మింగేశాడని వాడి మీసం చూస్తేనే తెలిసింది. ఇక్కడ పంక్చర్ల పనికి లోటు లేదు.

ట్యాంకులంటావా, నాకు రెండే గుర్తు. పాత బావులన్నాక వాసన వస్తుంది, దానికే కంగారు పడకు.

ఒక్క మాట. వెనక గోడ పక్కనున్న కొబ్బరిచెట్టు జోలికి వెళ్లకండి. నువ్వు పుట్టాక ఊడిన బొడ్డుతాడు పాతింది అక్కడే. బొడ్డు పాతిన చోట మనవాళ్లెవరూ గునపం వేయరు, వేస్తే ఆ బిడ్డకు కీడంటారు. ఈ భూమ్మీద నీదని చెప్పుకోవడానికి నీకున్న చోటు అదొక్కటే.

నిన్నే తలచుకునే
నాన్న, ఫిడెలిస్

*

ప్రియమైన నాన్నకు,

మీరు చెప్పినట్టే చేశాను. చెట్టు సంగతి చెప్పగానే కూలీలు టోపీలు తీసి పక్కకు తప్పుకున్నారు. చుట్టూ ఏడు గుంటలు తవ్వాం. చెట్టుకు దగ్గరవుతున్నకొద్దీ వాసన పెరుగుతోంది. ఆ చెట్టు ఇంతవరకూ ఒక్క కాయ కూడా కాయలేదట, మీకు తెలుసా?

నెలాఖరులోగా పెట్రోలు ఎక్కడి నుంచి వస్తోందో తేలకపోతే ఆసుపత్రిని వేరే ఊరికి తరలిస్తారు. బావి అలాగే ఉండిపోతుంది.

నిన్న అత్త వాగు దగ్గర బిందెతో జారిపడింది. మణికట్టు బెణికింది. ఆ చేత్తోనే నాకు చేదాకు పులుసు పట్టుకొచ్చింది. నేను పుట్టినప్పుడు అమ్మకు జ్వరమొస్తే, తన బిడ్డతోపాటు నాకూ నాలుగు నెలలు పాలిచ్చిన మనిషి. ఆమె బావిలో మంచినీళ్లు చూపించలేకపోతే నా చదువెందుకు నాన్నా? నాకు సిగ్గుగా ఉంది.

మీ ఒలుచి

*

ఒలుచీ,

మూడు వారాలుగా నీకు రాస్తున్నాను, చించేస్తున్నాను. ఇది చించను.

కొబ్బరిచెట్టు పక్కనే మూడో ట్యాంకు ఉంది. పెట్రోలు దొరకని రోజుల్లో దాచి అమ్ముకుందామని పాత ట్యాంకు ఒకటి కొన్నాను. అందరూ చర్చికి వెళ్లిన ఆదివారం పాతిపెట్టాను. అప్పటికి నువ్వు పుట్టి నాలుగు రోజులు. అధికారులు తవ్వుతారేమోనని నీ బొడ్డు తెచ్చి దాని పైమట్టిలో పాతాను, పక్కనే మొక్క నాటాను. ఇక అక్కడ ఎవరు గునపం వేస్తారు? నీ బొడ్డును తాళంకప్పలా వాడుకున్నాను తల్లీ. బంకు మూసేనాటికి అందులో సగం పెట్రోలు ఉండిపోయింది. బావి వాసన కొడుతోందని తెలిసీ నోరు మెదపలేదు, ఊరొదిలి వచ్చేశాను.

తవ్వించు. ఈ ఉత్తరం ఉజోమాకు చదివి వినిపించు. ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేదు.

నాన్న

*

ప్రియమైన నాన్నకు,

చదివి వినిపించాను. అత్త బీన్స్ ఏరుతూ చివరిదాకా విని, "నాకు తెలుసు," అంది.

ఆ ఆదివారం అత్త చర్చికి వెళ్లలేదట. నన్ను ఒళ్లో వేసుకుని పాలిస్తూ, కిటికీలోంచి మీరు ట్యాంకు దించడం అంతా చూసిందట. మరి బావి పాడయ్యాక ఎనిమిదేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే తవ్వేవాళ్లు. నా పాలు తాగిన పిల్ల బొడ్డు మీద గునపం పడితే నేను చూస్తూ ఉండగలనా?" అంది.

నన్ను కాపాడుకోవడానికి ఎనిమిదేళ్లు నీళ్లు మోసింది నాన్నా. మీరు నా బొడ్డు చూపించి అధికారులను ఆపారు, దాన్నే చూసి ఆమె నోరు కట్టేసుకుంది. చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు కూలీలు చెట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. అత్తే వచ్చి, "బొడ్డు ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. పిల్ల నా ఎదురుగానే ఉంది," అని మంచి చేత్తో మొదటి గునపం తనే వేసింది. ట్యాంకు అడుగంతా తుప్పు పట్టి జల్లెడలా ఉంది. తీసేశాం. గుంటలో ఇప్పుడు కొత్తగా ఊరడం లేదు. ఆసుపత్రి ఇక్కడే కడతారు.

బావి తేరుకోవడానికి మాత్రం రెండేళ్లు పడుతుందని అత్తకు చెప్పాను. ఆమె మీకు రాయమన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఎనిమిదేళ్లు నేను మోశాను. ఇక రెండేళ్లు ఫిడెలిస్‌ను వచ్చి మోయమను. క్షమాపణలూ అవీ నాకొద్దు, తెల్లారేసరికి నా తొట్టి నిండాలి."

సోమవారం బస్సుకు బయల్దేరండి. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. బస్టాండులో నేనే ఉంటాను.

మీ కూతురు
ఒలుచి