అన్నా, ఏ పక్క?

బ్యాంకాక్,
ఆదివారం మధ్యాహ్నం.

సుజాతక్కకు, యాదగిరి బావకు తమ్ముడు మహేందర్ నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ప్రగతి నగర్ చెరువు పక్కన పొద్దున్నే నడవడం మానేసిందని విన్నాను. బతిమాలో, తిట్టో మళ్లీ నడిపించు. చిన్నదాని డాన్సు వీడియో ఆఫీసులో అందరికీ చూపించి మురిసిపోయాను. నడుము తిప్పడం మాత్రం అచ్చం నీలాగే, ఆ విద్య మన ఇంట్లో ఎవరికీ రాదని దానికి ఎవరైనా చెబితే బాగుండు.

ఫోన్ ఉండగా వీడు కాగితం మీద రాస్తున్నాడేమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు వెంటనే స్పీకర్ పెడతావు, పక్కన అమ్మ వింటుంది. ఇది అమ్మ వినకూడనిది. మా ఆఫీసులో ఒకతను సెలవు మీద హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. ముందు నువ్వు చదువు. తర్వాత బావకు ఇవ్వు. డ్యూటీ దిగి, అన్నం తిన్నాకే ఇవ్వు.

ముందే చెబుతున్నాను, నాకేం కాలేదు. పక్కటెముక దగ్గర దెబ్బ తగిలింది, తగ్గిపోతోంది. గట్టిగా నవ్వితే నొప్పి. ఈమధ్య నవ్వే పనీ లేదు.

మా సందు మొదట్లో మోటార్ సైకిల్ టాక్సీల అడ్డా ఉంది. నారింజ రంగు కోట్లు వేసుకుని, బెంచీ మీద కూర్చుని వంతులవారీగా బయలుదేరతారు. అందులో పెద్దాయన పేరు చాయ్. రోజూ నన్ను రైలు స్టేషన్ దాకా దింపేది ఆయనే. నేను మామా అని పిలిచేవాణ్ణి, ఎందుకు పిలుస్తున్నానో తెలియకపోయినా పలికేవాడు. వచ్చిన కొత్తలో వీళ్లు అన్నింట్లో పోసే చేపల సాస్ వాసన పడక నేను తిండి మానేస్తే, ఆయన భార్య గుడ్డు వేసి అన్నం వేయించి పెట్టింది. ఆమె అడ్డా పక్కనే బొప్పాయి కాయ దంచి అమ్ముతుంది. ఆమెను అత్తా అంటాను. ఆఫీసులో అందరూ నవ్వుతారు, దండం పెడతారు, ఐదింటికి ఇంటికి పోతారు. ఈ దేశంలో నువ్వు తిన్నావా అని అడిగింది ఆ ఇద్దరే.

చాయ్ మామను చంపేశారు, అక్కా.

వాన వెలిసిన పొద్దున ఆఫీసుకు బయలుదేరి నేనే చూశాను. బెంచీ పక్కన, సగం ఒళ్లు మురికి కాలవలో, వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ చెవి పైన తల లోపలికి పోయింది. ఇంకా ఊపిరి ఆడుతోంది. తల ఒళ్లో పెట్టుకుంటే నా ప్యాంటంతా తడిసింది, వాన నీళ్లనుకున్నాను. ఆయన చేయి పైకి లేచి నా మెడలో ఉన్న ఆఫీసు కార్డు తాడు పట్టుకుంది. ప్రాణం పోయాక కూడా వదల్లేదు. పోలీసులొచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు.

ముందు రోజు సాయంత్రం సందుకు అడ్డంగా తెల్ల కారు పెట్టిన ఒకడితో మామకు గొడవైంది. కారు ముందు భాగం మీద చేత్తో చరిచి తియ్యమన్నాడు. ఆ కారువాడు అరవలేదు. నవ్వుతూ, మెల్లగా ఏదో అని వెళ్లిపోయాడు. పెద్ద ఇంటివాడట. ఈ సంగతి సందులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎదురు దుకాణం కెమెరా ఆ పొద్దునే చెడిపోయింది. సైబరాబాద్‌లోనూ స్తంభానికొక కెమెరా ఉంటుంది, కావాల్సిన రోజున కావాల్సిన స్తంభానికే రోగం వస్తుంది. ఆ విషయంలో ఈ రెండు దేశాలూ అన్నదమ్ములే.

నన్ను ఇంతవరకూ ఇక్కడ ఎవరూ లంచం అడగలేదు. అందుకే ఎంతో మంచి దేశమని నీకు గొప్పలు చెప్పాను. ఇప్పుడు అర్థమవుతోంది. నాలాంటివాణ్ణి అడగాల్సిన అవసరమే వీళ్లకు లేదు. పెద్దవాళ్లకు ఇబ్బంది కలిగించకూడదన్నది ఇక్కడ పుట్టుకతో వచ్చే మర్యాద. గొంతు పెంచకుండా, చిరునవ్వు చెదరకుండా ఆ మర్యాదతోనే ఒక మనిషి పీక నొక్కేయొచ్చు. మన దగ్గర కనీసం తిట్టి కొడతారు.

నాలుగో నాటికి మిన్ అనే అతన్ని పట్టుకున్నారు. బర్మావాడు, నా వయసే, సందు చివర కడుతున్న బిల్డింగులో సిమెంటు కలుపుతాడు. ఎప్పుడో మామతో మాటామాటా అనుకున్నాడట. నేరం ఒప్పుకున్నాడని టీవీలో చెప్పారు. నేనూ నమ్మాను, అక్కా. వాణ్ణి నా చేతులతో నరకాలనిపించింది.

ఇక్కడొక పద్ధతి ఉంది. నేరం ఒప్పుకున్నవాణ్ణి ఆ చోటికే తెచ్చి, ఎలా చేశాడో మళ్లీ చేసి చూపించమంటారు. బావ భాషలో సీన్ రీకన్‌స్ట్రక్షన్. కాకపోతే ఇక్కడ టీవీవాళ్లూ, జనమూ చుట్టూ నిలబడి చూస్తారు. ఈమధ్య తగ్గిందంటారు, ఆ తగ్గుదల మా సందు దాకా రాలేదు. పోలీసు అధికారి నా గదికొచ్చి, రెండు చేతులూ జోడించి, “ఆయన ఎలా పడి ఉన్నాడో చూసింది మీరే. కాస్త అలా పడుకుని చూపిస్తారా?” అని అడిగాడు. సరేనన్నాను. మా బావ కూడా పోలీసేనని గొప్పగా చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు.

ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా? నేను బయలుదేరే ముందు మీ ఇంట్లో భోజనాల దగ్గర బావ చెప్పిన మాట నాకు బాగా గుర్తు. తెల్లాపూర్ విల్లాలో దొంగతనం, తోటమాలి దొరికాడు, ఎటు నుంచి దూరాడో చూపించమని వాణ్ణి అక్కడికే తీసుకెళ్లారు. “ఎవ్వడు చెప్పలే, ఎవ్వడు చూపియ్యలే. సక్కగ పోయి వాడే కిటికీ మీద వేలు పెట్టిండు. ఇగ అంతకన్న సాక్ష్యం ఏం గావాలె?” అన్నాడు బావ. “మా ఆయన జర నవ్విండంటె సాలు, దొంగలే తాళంచెవులు ఇస్తరు” అన్నావు నువ్వు. అందరం నవ్వాం. అమ్మ బావకు ఇంకో చేప ముక్క వేసింది.

మామ పడిన చోటే తడి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. చుట్టూ జనం, చెప్పులు, కెమెరాలు. మిన్‌ను తెచ్చారు. నడుముకు తాడు, తలకు హెల్మెట్. మామను కొట్టాడంటున్న ఇనుప రాడ్డు బదులు న్యూస్‌పేపర్ గట్టిగా చుట్టి చేతికిచ్చారు. నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, పెదవి చీలి ఉంది. ప్యాంటులోనే పోసుకున్న వాసన. అధికారి కొట్టమన్నాడు. మిన్ బేడీలున్న చేతులు ఎత్తాడు. అక్కడే ఆగిపోయాడు. తర్వాత నా ముఖం మీదికి వంగి, వచ్చీరాని థాయ్‌లో, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

“అన్నా, ఏ పక్క?”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. కొట్టినవాడికి ఎక్కడ కొట్టాడో తెలియదు. తెలియక శవాన్ని అడుగుతున్నాడు. తప్పు చూపిస్తే మళ్లీ లోపలికి తీసుకెళ్లాక ఏమవుతుందో ఆ కన్ను చూస్తేనే తెలుస్తోంది. నేను తల కుడివైపు తిప్పాను, ఎడమ చెవి పైకి వచ్చేలా. పేపర్ చుట్ట మెల్లగా అక్కడ ఆనించాడు. కెమెరాలు టపటపమన్నాయి.

అప్పుడు జనం పోలీసులు అడ్డంగా కట్టిన తాడు తెంచుకుని మీదికొచ్చారు. అందరికంటే ముందు అత్త వచ్చింది. చెప్పు తీసి వాచిన కంటి మీద కొట్టింది. వెనకాల నారింజ కోట్లు. మామతో రోజూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు, నన్ను నవ్వుతూ ఎక్కించుకునేవాళ్లు. మిన్ హెల్మెట్ పీకి దానితోనే కొట్టారు. చేతులకు బేడీలు, ఎక్కడికి పోతాడు? నా మీదే పడ్డాడు. పైన అతను, కింద నేను. దెబ్బ పడ్డప్పుడల్లా అతని గడ్డం నా గుండె మీద కొట్టుకుంది. ఒక పన్ను విరిగి నా మెడ మీద పడింది, రక్తం నా నోట్లోకి వచ్చింది. ఒక బూటు గురి తప్పి నా పక్కటెముకకు తగిలింది. పోలీసులు చాలా మర్యాదగా, చాలా నిదానంగా విడదీశారు.

మర్నాడు ఆ ఫొటో అన్నిచోట్లా వచ్చింది. డాక్టరు రిపోర్టులో గాయం ఎక్కడుందో సరిగ్గా అక్కడే చూపించాడట. “మేమేమీ చెప్పలేదు, అతనే చూపించాడు” అన్నాడు అధికారి. బావ మాటే, థాయ్‌లో. ఫోన్ గోడకేసి కొట్టాను. ఆఫీసు ఫోన్ అది.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పాను. అధికారి చల్లని నీళ్లిచ్చాడు, పూర్తిగా విన్నాడు. “మీరు శవం కదండీ, శవానికి ఎలా వినబడింది?” అని నవ్వాడు. తర్వాత అదే గొంతుతో, మీకు మంచి ఉద్యోగం ఉంది, మంచి వీసా ఉంది అన్నాడు. నాకు బల్ల ఎత్తి ఆ నవ్వు మీద వేయాలనిపించింది. నీళ్లు తాగి, దండం పెట్టి వచ్చేశాను. ఇక్కడ నేను నేర్చుకున్న విద్య ఇదే.

అత్తకు కూడా చెప్పాను. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో, మిన్ కాదు, మిన్‌కు తెలియదు అని. ఆమె బొప్పాయి దంచే రోకలి నా మీదికెత్తింది. నేను కదల్లేదు. దాన్ని రోట్లోకే దించి దంచుతూ, దంచుతూ, రోలు పగిలేదాకా దంచింది. ఆ రోజు నుంచి నాకు అన్నం పెట్టడం లేదు. ఆమె తప్పు కాదు. ఒకడు దొరికాడని గుండె రాయి చేసుకుని కూర్చున్న మనిషి దగ్గర ఆ ఒక్కణ్ణీ లాగేసుకుంటున్నాను.

మన హైటెక్ సిటీ ఆఫీసు నుంచి హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేసింది. కాకినాడ ఆవిడ, మనిషి మంచిదే. “మహేందర్ గారూ, ఇది మన స్కోప్‌లోది కాదండి. లీగల్ వాళ్లు చాలా సీరియస్‌గా ఉన్నారు. టికెట్ బుక్ చేసేశాం, వచ్చేయండి. ఇక్కడ మీ సీటు మీకుందండి” అంది. ఇల్లు కళ్ల ముందు కనబడింది, అక్కా. నిజాంపేట రోడ్డు మీద ట్రాఫిక్‌లో నిలబడి హారన్లు వినాలని ఎంత ఆశ పుట్టిందో నీకు చెప్పలేను.

వెళ్లే ముందు ఒక్కసారి చూద్దామని జైలుకు పోయాను. మధ్యలో అద్దం, చెరో చేతిలో ఫోన్. మిన్ నన్ను చూసి పన్ను లేని నోటితో నవ్వాడు. “ఆ రోజు నువ్వు చూపించకపోతే మళ్లీ కొట్టేవాళ్లు అన్నా. నీ మేలు మరిచిపోను” అన్నాడు. రెండు చేతులూ జోడించబోతే ఫోన్ కింద పడింది. అతని మెడకు తాడు వేసింది నేను. ఆ తాడుకే దండం పెడుతున్నాడు.

ఆ దండం చూశాక ఇంటికి బయలుదేరలేకపోయాను; మిన్ లాయరును కలిసి, మళ్లీ జైలుకు వచ్చి ఆయన మాట అతనికి చెప్పాను. ఇక్కడ నేరం ఒప్పుకుంటే శిక్ష సగం చేస్తారు. నేను సాక్ష్యం చెప్పాక కూడా కోర్టు నమ్మకపోతే ఆ సగమూ పోతుంది, మొత్తం పడుతుంది. ఉరి కూడా పడొచ్చు. “నువ్వే చెప్పు. నోరు మూసుకోమంటే మూసుకుంటాను” అన్నాను. “ఆ ఫొటో మా అమ్మ చూసింది అన్నా. కోర్టులో చెప్పు” అన్నాడు.

చెబుతాను. వచ్చే బుధవారం. టికెట్ వెనక్కి పంపేశాను. ఉద్యోగం ఉండకపోవచ్చు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి చెప్పడం అయిపోయి ఉంటుంది, కాబట్టి ఆపడానికి ఫోన్ చేసి ఏడవకు. భయం లేదా అంటే ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే తలుపు వైపు చూస్తున్నాను. కానీ నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. అన్నం నేనే వండుకుంటున్నాను. ఈ ఉత్తరం తెచ్చినతను తిరిగి వచ్చేటప్పుడు అతని చేతికి కొంచెం మామిడికాయ తొక్కు పంపు, కారం తగ్గించకు. అమ్మకు మాత్రం పని ఎక్కువగా ఉందని చెప్పు. మల్లేశం పెద్దనాన్నకు నా దండాలు, చిన్నదానికి ముద్దులు.

బావా, ఇక్కడి నుంచి నీకు. నువ్వు చెయ్యి చేసుకునే మనిషివి కాదని నాకు తెలుసు. నా పెళ్లిచూపులకు నాకంటే ఎక్కువ భయపడినవాడివి. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. తెల్లాపూర్‌లో ఆ తోటమాలి కిటికీ మీద వేలు పెట్టే ముందు, ఒక్కసారి నీ ముఖం వైపు చూశాడా? జవాబు నాకు రాయొద్దు. అతనింకా జైల్లోనే ఉంటే, పోయి అతన్నే అడుగు.

మీ ఇద్దరి దీవెన ఈసారి నిజంగానే కావాల్సిన
మీ తమ్ముడు,
మహేందర్