ఆ ఆరోగ్యమైన కాలు నాది

జైళ్ళ శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,
నాలుగో బారకులోని 318వ నంబరు ఖైదీ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: 207వ నంబరు ఖైదీ ఎడమ కాలు సంపూర్ణ ఆరోగ్యముగా ఉన్నదని జైలు ఆసుపత్రి రిజిస్టరులో నమోదైన సంగతి గురించి; సదరు కాలు ఆయనది కాదనియు, నాదనియు తెలియజేసికొనుట గురించి.

పై విషయము చదివి తమరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ నేను చెప్పిన ప్రతివారూ ముందు నవ్వారు. నవ్వడం అయిన తరువాత మిగతాది కూడా చదవగలరని ప్రార్థన.

1. నేను ఎవరనగా, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరునని చెప్పి బజారులో పదకొండు దుకాణాలు తనిఖీ చేసిన నేరానికి శిక్ష అనుభవించుచున్నవాడను. పదకొండింటిలో తొమ్మిది చోట్ల దొంగ తూకపురాళ్ళు దొరికినవి. ఆ తొమ్మిదిమందీ బజారులోనే ఉన్నారు, నేను ఇక్కడ ఉన్నాను. అది వేరే అర్జీ. సత్ప్రవర్తన కింద వచ్చిన మాఫీ పోగా నాకు ఇంకా ఇరవై రెండు రోజులే మిగిలి ఉన్నవి. నా భార్య గోడ మీద గీతలు కొట్టేస్తున్నదట.

2. 207వ నంబరు ఖైదీ దర్జీ. వయసు అరవై దాటింది. మేము తొడుక్కునే చొక్కాలూ, వాటి మీద నంబర్లూ కుట్టేది ఆయనే. నేను ఆయనను పెద్దాయనా అంటాను, ఆయన నన్ను వేషాలూ అంటారు. ఏం చేసి లోపలికి వచ్చారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇక్కడ అది మర్యాద. ఆయనకు షుగరు జబ్బు. ఇన్సులిన్ సూది వారానికి మూడు రోజులు ఉంటుంది, నాలుగు రోజులు "రావలసి ఉన్నది". ఈ ఏర్పాటు రోగానికి ఎవరూ తెలియపరచలేదు కాబట్టి అది మాత్రం ఏడు రోజులూ డ్యూటీ చేస్తున్నది.

3. రెండు నెలల క్రితం కుట్టు మిషను కింద పడి ఆయన ఎడమ కాలి బొటనవేలు చితికింది. మానలేదు. ముందు చీము పట్టింది, తరువాత నల్లబడింది, ఇప్పుడు వాసన. మా బారకులో ముప్ఫైమందిమి ఉన్నాం. ఆయన పక్కన పడుకునేది నేనొక్కడినే. నాకు ముక్కు లేదని కాదు.

4. మందుల గది గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉన్న నిబంధన ఏమనగా: "రోగులు ఉదయం లెక్క అయిన వెంటనే కిటికీ ముందు వరుసలో నిలబడవలెను. నిలబడనివారు రోగులుగా పరిగణింపబడరు." అనగా నడవలేనివాడు నడిచి వచ్చి, నిలబడి, నడవలేకపోతున్నానని చెప్పుకోవాలి. ఇది హెడ్డు వార్డరు గారితో మనవి చేశాను.

"హెడ్డుగారూ, ఆయన నిలబడలేకపోవడమేనండీ రోగం."

"నిలబడలేనివాడికి వరుసెందుకురా? పడుకోమను."

ఆసుపత్రికి స్ట్రెచరు ఒకటి ఉన్నది. దాని మీద గోదాములోని బస్తాలు మోస్తారు. ఆ బస్తాలు ఏనాడూ వరుసలో నిలబడగా నేను చూడలేదు.

5. ఇక నా నేరం. డాక్టరు గారు మంగళవారం, శుక్రవారం గంటసేపు వస్తారు. మొహం చూడరు. చొక్కా మీద నంబరు చూస్తారు, ఏమిటని అడుగుతారు, జవాబు సగంలో ఉండగానే పసుపు మాత్ర రాస్తారు. తలనొప్పికీ అదే, విరిగిన చేతికీ అదే. కాబట్టి చొక్కాలు మార్చుకుంటే పెద్దాయన బదులు నేను వరుసలో నిలబడి, వేలి సంగతి చెప్పి, పెద్దాసుపత్రికి చీటీ రాయించుకు రావచ్చునని నాకు తోచింది.

"వద్దురా వేషాలూ. పట్టుకున్నారంటే తోలు తీస్తారు" అన్నారు పెద్దాయన.

"మొహం చూస్తే కదా పట్టుకునేది? రెండేళ్ళ నుంచి వెళ్తున్నా, మా అన్నదమ్ములు నలుగురం వంతులేసుకుని వెళ్ళినా తెలీదు ఆయనకి."

మొన్న మంగళవారానికి ముందు మంగళవారం, ఆయన కుట్టిన 207 నా ఛాతీ మీద పెట్టుకుని వెళ్ళాను.

6. తమ కార్యాలయం నుంచి ఇద్దరు అధికారులు ఆ రోజే తనిఖీకి వచ్చి డాక్టరు గారి వెనుక నిలబడి ఉన్నారని నాకు తెలియదు. కాలి వేలు అనగానే డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. రెండేళ్ళలో ఆయన కుర్చీలోంచి లేవడం అదే మొదటిసారి. బయటికి వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, నా కాలు బల్ల మీద పెట్టించి, లైటు వేసి చూశారు.

"ఏదయ్యా నలుపు?"

"లోపల ఉందండీ" అన్నాను. అబద్ధాల మీద బతికినవాడికి అంతకంటే మంచిది ఆ క్షణాన దొరకలేదు.

వేలు పొడిచి రక్తం కూడా చూశారు. నా రక్తం ఇరవై ఏళ్ళవాడి రక్తంలా ఉన్నదట. అధికారులలో ఒకరు "ఎంత శ్రద్ధగా చూస్తున్నారండీ" అని మెచ్చుకున్నారు. రిజిస్టరులో రాసినది ఏమనగా: "207. ఎడమ కాలు సంపూర్ణ ఆరోగ్యము. రక్తములో చక్కెర మామూలు. రోగము నటించుచున్నాడు."

దాని పర్యవసానముగా దర్జీ పేరు దొంగ రోగుల జాబితాకు ఎక్కినది. తొంభై రోజుల వరకు వరుసలోకి రారాదు. చక్కెర మామూలు అని తేలినందున వారానికి ఆ మూడు సూదులు కూడా ఆపివేయబడినవి.

అయ్యా, నేను అక్కడే నిజం చెప్పవలసినది. చెప్పలేదు. ముప్ఫై ఒక్క రోజులలో ఇంటికి పోతానన్న సంగతి అడ్డం వచ్చింది. వేషం వేసినట్లు తేలితే మాఫీ రద్దు, ఇంకో అయిదు నెలలు. మంగళ, బుధ, గురువారాలు నోరు మూసుకున్నాను. ఆ మూడు రోజులకు నా మీద ఏ సెక్షను వర్తిస్తుందో తెలియదు. ఒకటి ఉండవలెను.

7. శుక్రవారం కిటికీలో మందులిచ్చే కాంపౌండరు గారికి చెప్పాను. ముందు నవ్వారు. తరువాత కిటికీ దగ్గరికి వంగి గొంతు తగ్గించారు.

"ఒరేయ్, కాలు నీదని దిద్దాలంటే, డాక్టరుగారు మొహం చూడలేదని పైన రాయాలి. అది ఎవడు రాస్తాడు, నీ బాబా? అయినా కిందటేడు హెడ్డుగారికి బదిలీ అయిందని దొంగ నోటీసు అంటించినవాడివి, నీ మాట ఎవడు నమ్ముతాడ్రా?"

"ఆ రోజు మిఠాయి పంచింది మీరే కదండీ" అన్నాను.

కిటికీ మూసేశారు.

మళ్ళీ తీసిన తరువాత డాక్టరు గారితోనే చెప్పాను, నా సొంత చొక్కాలో. "అయ్యా, మొన్న తమరు చూసిన ఆ కాలు నాదండీ." ఆయన తల ఎత్తలేదు. "నీ కాలు నీదే కదయ్యా, ఇంకా బాధేమిటి?" అని 318 మీద పసుపు మాత్ర రాశారు.

8. ఈ అర్జీకి జత: తెల్ల దారం ఒకటి. పెద్దాయన రోజూ పొద్దున్నే చీలమండ చుట్టూ దారం చుట్టి, అందిన చోట ముడి వేస్తారు. దర్జీ చెయ్యి కాబట్టి కొలత తప్పదు. కొసకు దగ్గరగా ఉన్న ముడి ఆ మంగళవారం నాటిది. ఆ కొసకు అన్నిటికంటే దూరంగా ఉన్న చివరి ముడి ఈ రోజుది. మధ్య ఎంత దూరం ఉన్నదో తమరే చూసుకోండి. ఇది ప్రభుత్వ రిజిస్టరు కాదు గనుక ఇందులో ఎవరూ ఏదీ నటించలేదు. నిన్నటి నుంచి జ్వరం, మాట తడబడుతున్నది. ఎరుపు మోకాలి వైపు ఎక్కుతున్నది. ఆయన చేతులు వణుకుతున్నందున చివరి ముడి నేను వేశాను. అది కొంచెం వదులుగా ఉన్నచో తప్పు నాది.

9. కాబట్టి కోరుకొనునది: 207ను దొంగ రోగుల జాబితా నుంచి తీసివేసి, ఆ చోట 318 అని రాయవలెను. ఆయనను వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెను. కాపలా పోలీసులు లేరని జైలువారు చెప్తారు. ఎప్పుడూ లేరనే చెప్తారు. రెండడుగులు వేయలేని మనిషి పారిపోతాడని అనుమానం ఉంటే నన్ను హామీగా గొలుసుతో ఇక్కడ కట్టేయవచ్చును. నా మాఫీ రద్దు చేయవచ్చును. ఆ అయిదు నెలలూ కిక్కురుమనకుండా ఉంటాను. నా భార్యకు మాత్రం ఆ కబురు తమ కార్యాలయం నుంచే వెళ్ళవలెను. నేను చెప్తే ఆమె కూడా నమ్మదు.

జడ్జి గారు శిక్ష చదివిన రోజున పెద్దాయనకు మూడేళ్ళు అన్నారు. కాలు గురించి ఏమీ అనలేదు. కావలిస్తే ఆ తీర్పు తెప్పించుకుని మళ్ళీ చదవండి. ఎక్కడైనా ఒక వేలి ప్రస్తావన ఉంటే ఈ అర్జీ చించి పారేయండి.

కాగితమును పక్కన పెట్టి కాలును చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు (ఈ ఒక్క అర్జీ మటుకు),
318

చివరి మాట: రోగి సమ్మతి లేని అర్జీ పైకి పంపబడదని హెడ్డు వార్డరు గారు అన్నందున కింద పెద్దాయన వేలిముద్ర వేయించడమైనది. ఆయనకు చదువు రాదు. ఇందులో ఉన్నది ఉన్నట్టు చదివితే నా అయిదు నెలల సంగతి తెలిసి ముద్ర వేయరు. "పోయేవాడివి పోక నా కాలుతో నీకేంట్రా" అని తిడతారు. అందుచేత, కుట్టు షెడ్డులోని మిషన్లకు నూనె మంజూరు చేయవలెను అనే అర్జీ ఒకటి అప్పటికప్పుడు కల్పించి, ఈ కాగితం పట్టుకునే చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు. "మూడో మిషను బెల్టు కూడా రాయరా" అన్నారు. రాశానన్నాను. తమ మనుషులు వచ్చినప్పుడు ఆయన ఎదుట దీనిని పైకి చదవవద్దు.

ముద్ర వేశాక అడిగారు: "నూనె ఎప్పటికొస్తుందిరా?"

రేపు అన్నాను.